పిల్లలతో గండికోటలో ఒక రాత్రి: సాయంత్రం కోట, పొద్దున లోయ

అమ్మా, మీరు అడిగినవి నాలుగు విషయాలు. నాలుగేళ్ల పాపను, తొమ్మిదేళ్ల బాబును తీసుకుని డిసెంబరులో ఒక శనివారం రాత్రి గండికోటలో టెంటు వేసుకుని ఉండొచ్చా, టెంటు ఎక్కడ వేయాలి, పాడుబడిన కోట చూసి పిల్లలకు విసుగు రాదా, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారిని తీసుకురావచ్చా అని. కర్నూలు నుంచి సొంత కారులో వస్తున్నామన్నారు. కోట పక్కనున్న పెన్నా లోయ అంచునే టెంటు వేయాలని మీ ఆయన పట్టుబడుతున్నారని కూడా రాశారు. నాది జమ్మలమడుగు వైపు. బడిపిల్లలను, బంధువుల కుటుంబాలను ఆ కోటలో తిప్పడం, రాత్రి అక్కడ ఉంచడం ఏళ్లుగా చేస్తున్నాను. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ఉండొచ్చు. హాయిగా ఉండొచ్చు. కానీ ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: శనివారం సాయంత్రం లోయ దగ్గరికి వెళ్లొద్దు. సూర్యాస్తమయం కోసం వద్దు, ఫొటో కోసం వద్దు, "ఇంత దూరం వచ్చాం కదా, ఒక్క అయిదు నిమిషాలు" అని కూడా వద్దు. సాయంత్రమంతా కోట లోపల తిరగండి. లోయను ఆదివారం పొద్దున చూడండి. మీరు రాసిన భయాల్లో సగం ఈ ఒక్క మార్పుతో పోతాయి.

ఎందుకో చెబుతాను. గండికోటకు వచ్చేవాళ్లలో ఎక్కువ మంది సూర్యాస్తమయానికే లోయ దగ్గర చేరతారు. రంగనాథస్వామి గుడి దాటాక దారి అంటూ ఉండదు, ఎర్రటి బండలే. ఒకటి ఎత్తు, ఒకటి పల్లం, కొన్ని ఏటవాలు. బండకూ బండకూ మధ్య సందులు ఉంటాయి. పెద్దవాళ్లు వాటిని ఒక్క అంగలో దాటేస్తారు కాబట్టి అవి కంటికి ఆనవు. నాలుగేళ్ల పిల్ల కాలు సరిగ్గా ఆ సందులోనే పడుతుంది. పోయేటప్పుడు వెలుతురు ఉంటుంది కాబట్టి ఎలాగో పోతారు. పొద్దు గుంకి, ఫొటోలు అయ్యి, అందరూ ఒకేసారి లేచి తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. ఒక చేతిలో ఫోను లైటు, ఒక చేతిలో అలిసిపోయి ఏడుస్తున్న పిల్ల, వెనక నుంచి తోసుకొచ్చే జనం. ప్రమాదం జరగడానికి అంతకంటే ఏం కావాలి? పొద్దునైతే అంతా తిరగబడుతుంది. వెలుతురు నిమిషం నిమిషానికీ పెరుగుతుంది, పిల్లలు నిద్రపోయి లేచి ఉషారుగా ఉంటారు, జనం పలచగా ఉంటారు. ఎండ ఏటవాలుగా పడి రాతి పొరలు ఒక్కొక్కటే ఎర్రగా తేలే దృశ్యం సాయంత్రానికి ఏమాత్రం తీసిపోదు.

పొద్దున వెళ్లినప్పుడు కూడా ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి ఉండాలి. చేయి పట్టుకున్నవాళ్ల దగ్గర ఫోను ఉండకూడదు. ఫొటో తీసే పని ఉంటే ముందు పిల్లను రెండోవాళ్లకు అప్పగించాలి. అంచుకు ఒక నిలువెత్తు దూరంలో ఆగి, కూర్చున్నాకే కిందికి చూడాలి. నిలబడి తొంగిచూడటం వద్దు. వెనక్కి నడుస్తూ ఫొటోకు నిలబడటం పెద్దవాళ్లకైనా వద్దు. లోయ మీద గాలి కొన్నిసార్లు ఉన్నట్టుండి విసురుగా వస్తుంది. పాప టోపీ ఎగిరితే పాప దాని వెంట పరిగెడుతుంది. అందుకే టోపీకి గడ్డం కింద కట్టుకునే తాడు ఉండాలి, లేదంటే టోపీయే వద్దు. చెప్పులు జారతాయి. పిల్లలకు బూట్లు వేయండి. అరగంట చూసి వెనక్కి వచ్చేయండి. పిల్లలకు లోయ అరగంటే. ఆ తర్వాత వాళ్లు రాళ్లు ఏరి కిందికి విసరడం మొదలుపెడతారు. కింద మనుషులుండొచ్చు, మేకలుండొచ్చు, కాబట్టి దాన్ని మొదట్లోనే ఆపాలి. నీళ్ల దగ్గరికి దిగే ఆలోచన అసలు పెట్టుకోకండి. పైన గండికోట జలాశయం, కింద మైలవరం జలాశయం, మధ్యలో ఈ లోయ. నీటి మట్టం ఎప్పుడూ ఒకేలా ఉండదు, రాతి గోడల మధ్య నీరు అంచునుంచే లోతుగా ఉంటుంది.

ఇక మీ ఆయన మాట. లోయ అంచున టెంటు, పొద్దున జిప్పు తీయగానే పెన్నా కనిపించాలి అనే కోరిక నాకు అర్థమవుతుంది. పెళ్లికాని కుర్రాళ్లయితే వాళ్ల ఇష్టం. పిల్లలతో మాత్రం కుదరదు. రాత్రి రెండింటికి బాబు ఒంటేలుకు లేస్తాడు. మిమ్మల్ని లేపకుండా తానే జిప్పు తీసుకుని బయటికి వస్తాడు, తొమ్మిదేళ్ల వయసులో ఆ గొప్ప ఉంటుంది. నిద్రమత్తులో ఎటు నడుస్తున్నాడో వాడికే తెలియదు. టెంటుకూ లోయకూ మధ్య కనీసం రెండు మూడు వందల మీటర్లు ఉండాలి. అంచు వైపు కాకుండా ఊరి వైపు తెరుచుకునేలా టెంటు తలుపు పెట్టాలి. పైగా అంచున అంతా బండే, మేకులు దిగవు. గాలికి టెంటు ఊగుతుంటే పెద్దవాళ్లకు కూడా నిద్ర పట్టదు.

అలాగని కోట లోపల ఏదో మండపం చూసుకుని దాని పక్కన వేయడం కూడా కుదరదు. ఆ కట్టడాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. రాత్రుళ్లు వాటిలో ఉండటం, వాటి పక్కన పొయ్యి పెట్టడం చేయకూడదు. 1958 నాటి చట్టం ప్రకారం రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ పడతాయి. గోడల మీద పేర్లు చెక్కడం కూడా అందులోకే వస్తుంది. బాబుకు ఈ సంగతి ముందే చెప్పండి, వాడే మిగతావాళ్లకు కాపలా కాస్తాడు. ఇంకో మాట, గండికోట ఊరు కోట గోడల లోపలే ఉంది. అక్కడ ఇళ్లున్నాయి, బర్రెలున్నాయి, పొద్దున పనులకు వెళ్లే మనుషులున్నారు. రాత్రి పదింటికి స్పీకరు పెట్టి గోల చేస్తే అది ఎవరి ఇంటి ముందో గుర్తుంచుకోవాలి.

సొంత టెంటు మోసుకురావడం కంటే మొదటిసారికి అద్దె టెంటే మేలు. అక్కడ టెంట్లు ఏర్పాటు చేసేవాళ్లు ఉన్నారు. ఫోనులో మాట్లాడేటప్పుడు ధర ఒక్కటే అడిగి పెట్టేయకండి. మరుగుదొడ్డి ఎంత దూరం, రాత్రంతా దాని దగ్గర లైటు ఉంటుందా, నీళ్లు ఉంటాయా, లోయ అంచు అక్కడికి ఎంత దూరం, కుటుంబాలకు వేరే వరుస ఇస్తారా, పాటలు ఎన్నింటికి ఆపుతారు అని అడగండి. శనివారం రాత్రి బెంగళూరు, హైదరాబాదు నుంచి కుర్రాళ్ల గుంపులు వస్తాయి. తాగేవాళ్లు ఉంటారు, అర్ధరాత్రి దాకా పాటలుంటాయి. మీ ప్రశ్నకు సూటిగా జవాబివ్వకుండా "అంతా చూసుకుంటాం మేడమ్" అని దాటేసేవాళ్ల దగ్గర దిగొద్దు. మీకు శుక్రవారం సెలవు దొరికితే శుక్ర, శని చేసుకోండి, శుక్రవారం రాత్రి గోల తక్కువ. ఉత్సవాలు జరిగే వారం మాత్రం పిల్లలతో రాకండి. టెంటుకు చోటు దొరకదు, కారు పెట్టడానికీ దొరకదు.

తేదీ ఎంచుకునేటప్పుడు క్యాలెండరులో తిథి కూడా చూడండి. శుక్లపక్షం అష్టమి తర్వాత నుంచి పౌర్ణమి లోపు వచ్చే శనివారమైతే చీకటి పడేసరికే ఆకాశంలో చంద్రుడు ఉంటాడు. నక్షత్రాల కోసం అమావాస్య దగ్గర రమ్మని చాలామంది చెబుతారు. ఆ మాట నిజమే, కానీ మొదటిసారి వచ్చే నాలుగేళ్ల పిల్లకు కటిక చీకటి భయం. వెన్నెల ఉంటే భయం ఉండదు, మీకు నడవడం సులువు. వెన్నెల్లో కూడా పిల్లలకోడి, అంటే కృత్తిక నక్షత్రాల గుంపు, కనిపిస్తుంది, డిసెంబరులో రాత్రి ఎనిమిదింటికి బాగా పైన ఉంటుంది. దానికి తూర్పున మృగశిర పైకి వస్తూ ఉంటుంది, దాని పక్కన ఎర్రగా మెరిసేది ఆర్ద్ర. పిల్లలకోడిలో ఎన్ని నక్షత్రాలు లెక్కపెట్టగలరో ఇద్దరికీ పందెం పెట్టండి. నిద్ర వచ్చేదాకా మీకు వేరే పని ఉండదు.

ప్రయాణం గురించి ఎక్కువ రాయను. బనగానపల్లె, కొలిమిగుండ్ల మీదుగా జమ్మలమడుగు రండి, అక్కడి నుంచి కోట పదిహేను కిలోమీటర్లు. పిల్లలతో ఆగుతూ వస్తే అయిదు గంటలు పడుతుందని లెక్క వేసుకుని, మధ్యాహ్నం మూడింటికల్లా కోటలో ఉండేలా బయల్దేరండి. దారిలో బెలుం గుహలు తగులుతాయి. ఎలాగూ దారే కదా అని చాలామంది దిగుతారు. మీరు దిగొద్దు. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహలో దాదాపు ఒకటిన్నర కిలోమీటరు చూడటానికి తెరిచారు. లోపల ఉక్కగా ఉంటుంది, మెట్లు ఎక్కి దిగాలి. అది చూసి వచ్చిన పాపకు కోట చూసే ఓపిక ఉండదు, మీరు చేరేసరికి పొద్దు పోతుంది. బెలుంకు కర్నూలు నుంచి ఇంకో ఆదివారం వెళ్లి సాయంత్రానికి ఇంటికి రావచ్చు.

చేరగానే టెంటు పని ముగించండి. వెలుతురుండగానే నేల మీద రాళ్లు, ముళ్లు తీసి, టెంటు కింద ఒక పట్టా పరచండి. పట్టా టెంటు కంటే చిన్నదిగా ఉండాలి. బయటికి పొడుచుకు వస్తే మంచు నీరు, వాన నీరు దాని మీద పడి టెంటు కిందికే చేరతాయి. మేకు దిగని చోట తాడును పెద్ద రాయికి కట్టండి. తాళ్లకు తెల్లగుడ్డ ముక్కలు కడితే చీకట్లో కాలికి తగలవు. రాత్రి చలి మరీ వణికించేంత ఉండదు కానీ కొండ మీద గాలి ఉంటుంది, పిల్లలకు స్వెట్టరు, చెవులు మూసే టోపీ, కింద మందపాటి బొంత ఉండాలి. చలి పైనుంచి కంటే కింద నేలలోంచి ఎక్కువ తగులుతుంది. తలకు కట్టుకునే లైటు ఒక్కొక్కరికి ఒకటి కొనండి. పిల్లలకు అది ఆటవస్తువు, మీకు వాళ్లెక్కడున్నారో చూపించే గుర్తు.

పాములు, తేళ్ల గురించి మీరు అడగలేదు, కానీ రాయకుండా ఉండలేను. బండలున్న చోట అవి ఉంటాయి. చలికాలంలో తక్కువగా తిరుగుతాయంతే. టెంటు జిప్పు ఎప్పుడూ మూసే ఉండాలి, "ఇప్పుడే వస్తా" అని తెరిచి వెళ్లడమే అసలు సమస్య. బూట్లు టెంటు లోపలే పెట్టాలి, పొద్దున దులిపి తొడగాలి. పిల్లలను రాళ్లు ఎత్తి చూడనివ్వకండి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, చాలాసార్లు నొప్పి తెలియదు, గాటు కూడా కనపడదు. రాత్రి నిద్రలేచి కడుపునొప్పి అన్నా, పొద్దున కళ్లు మూతలు పడుతున్నా, మాట ముద్దగా వస్తున్నా ఆలస్యం చేయకూడదు. పాము కరిస్తే గట్టిగా తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి, 108కి ఫోన్ చేయొచ్చు, సొంత కారుంది కాబట్టి బయల్దేరి దారిలోనే ఫోన్ చేయండి. నాటుమందు, మంత్రం అంటూ ఎవరు చెప్పినా ఆగకండి. ఎర్రతేలు పెద్దవాళ్లకంటే పిల్లలకు ఎక్కువ ప్రమాదం. కుట్టిన తర్వాత ఒళ్లంతా చెమటలు, వాంతులు, చల్లబడే చేతులు, ఆయాసం కనిపిస్తే అది నొప్పితో పోయేది కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కారును రాత్రి టెంటు పక్కనే, రోడ్డు వైపు తిప్పి పెట్టుకోండి, తాళంచెవి ఎక్కడుందో ఇద్దరికీ తెలిసి ఉండాలి.

పెద్ద కట్టడాలకూ కొండ అంచులకూ తేనెపట్లు ఉంటే వాటి కింద నిలబడొద్దు, పొగ పెట్టొద్దు, రాయి విసరొద్దు. చలి అని టెంటు లోపల కుంపటి కానీ గ్యాస్ పొయ్యి కానీ వెలిగించొద్దు. దాని నుంచి వచ్చే విషవాయువుకు నిద్రలోనే ప్రాణం పోతుంది, వాసన కూడా రాదు.

తిండి విషయంలో రాత్రికి వండే పని పెట్టుకోకండి. జొన్నరొట్టెలు చేసి మూట కట్టుకురండి, రెండు రోజులైనా చెడవు. చెనిక్కాయల పొడి, పెరుగు, కొంచెం చిత్రాన్నం ఉంటే రాత్రి గడిచిపోతుంది. పిల్లలు నమలడానికి చెనిక్కాయల ఉండలు తెచ్చుకోండి. తిండి సంచి టెంటులో పెట్టి తిరగడానికి వెళ్తే కోతులు టెంటు చింపుతాయి, దాన్ని కారు డిక్కీలో పెట్టండి. నీళ్లు మాత్రం పెద్ద క్యాను తెచ్చుకోండి, తాగడానికే మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు అనుకోండి. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు సంచిలో పడేయండి.

పొద్దున టిఫిను మాత్రం అక్కడే చేయండి. ఉగ్గాని కంటే సులువైంది ఇంకోటి లేదు, పిల్లలకు కూడా పని దొరుకుతుంది. ఇంట్లోనే పుట్నాల పప్పు, ఎండుకొబ్బరి, కొంచెం వెల్లుల్లి కలిపి పొడి కొట్టి డబ్బాలో పెట్టుకురండి. లోయ చూసి వచ్చాక గిన్నెలో నీళ్లు పోసి పాప చేత బొరుగులు (మరమరాలు) అందులో పోయించండి. అవి తేలుతూ ఉంటాయి, అరచేత్తో అదిమి మునగనివ్వాలి. మెత్తబడగానే పిడికిట్లోకి తీసుకుని నీళ్లు గట్టిగా పిండాలి. ఆ పిండే పని పాపకు ఇవ్వండి, మోచేతుల దాకా తడిసిపోతుంది, ఫరవాలేదు. ఈలోగా చిన్న గ్యాస్ పొయ్యి మీద నూనె కాగాక ఆవాలు, పచ్చిమిరపకాయ, కరివేపాకు తిరగమాత వేసి, ఉల్లిపాయలు మగ్గాక పసుపు, ఉప్పు, బొరుగులు వేసి రెండు తిప్పులు తిప్పి దించాలి. పైన పప్పులపొడి చల్లి నిమ్మకాయ పిండాలి. పిల్లలకు మిరపకాయ తగ్గించండి. బజ్జీలు కావాలంటే కిందికి దిగాక జమ్మలమడుగులో తినండి, కొండ మీద గాలిలో కాగే నూనె పక్కన పిల్లలుండటం నాకిష్టం లేదు.

ఇప్పుడు అసలు సంగతి, కోట. విసుగు పుడుతుందా అని అడిగారు. గైడు చెప్పే రాజుల పేర్లు వరసగా వినిపిస్తే పెద్దవాళ్లకే విసుగు పుడుతుంది. పిల్లలకు కథ ఒకటి చాలు, చేతికి పని ఇవ్వాలి. మధ్యాహ్నం ఎండ తగ్గాక చార్మినార్ అని పిలిచే కట్టడం దగ్గర మొదలుపెట్టి, జైలు చూసి, మాధవరాయస్వామి గుడి మీదుగా ధాన్యాగారం, జామియా మసీదు దగ్గరికి రండి. బాబు చేతికి ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఇచ్చి కోట పటం వాడినే గీయమనండి. ఎక్కడ ద్వారం, ఎక్కడ నీళ్లు, ఎక్కడ తిండి, ఎక్కడ కాపలా అని. ఎవరైనా శత్రువు వస్తే ఎటు నుంచి వస్తాడో వాడినే కనుక్కోమనండి. ఒక వైపు లోయ, మిగతా వైపుల గోడలు, బురుజులు. కాసేపటికి వాడే చెబుతాడు, లోయ వైపు సైన్యం రాలేదు కాబట్టి కోట ఇక్కడ కట్టారని. ఆ మాట పుస్తకంలో చదివిన దానికంటే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

ధాన్యాగారం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఉండండి. బయట ఎండలోంచి లోపలికి అడుగుపెట్టగానే చల్లగా తగులుతుంది, కళ్లకు కాసేపు ఏమీ కనిపించదు. తర్వాత వంపు తిరిగిన పైకప్పు నెమ్మదిగా తేలుతుంది. గోడ ఎంత మందమో బాబును చేతులు చాపి కొలవమనండి. పాపను ఒకసారి గట్టిగా పిలవమనండి, గొంతు తిరిగొస్తుంది, దాని కోసం పది సార్లు పిలుస్తుంది. ముట్టడి నెలల తరబడి సాగితే లోపలివాళ్లు ఏం తినేవాళ్లు అనే ప్రశ్న అక్కడ అడగాలి. నీళ్ల ప్రశ్న మసీదు దగ్గరున్న కోనేటి దగ్గర అడగాలి. కత్తుల కోనేరు అంటారు దాన్ని, యుద్ధం నుంచి వచ్చినవాళ్లు కత్తులు అందులో కడిగేవాళ్లని ఊళ్లో చెప్పుకుంటారు. బాబు నమ్ముతాడా లేదా అన్నది వాడి ఇష్టానికి వదిలేయండి. మెట్ల దగ్గర మాత్రం చేయి వదలొద్దు, రాయల చెరువు దగ్గర కూడా అంతే.

కథ ఏం చెప్పాలంటే, 1123లో కాకరాజు ఇక్కడ కోట మొదలుపెట్టాడని స్థానిక చరిత్ర. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు దీన్ని ఏలారు. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ముట్టడించి పట్టుకున్నాడు. మీర్ జుమ్లా సేనాని మాత్రమే కాదు, వజ్రాల వ్యాపారి కూడా. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి నగల వర్తకుడు ముత్యాలు చూపించడానికి అతణ్ణి వెతుక్కుంటూ ఈ కోటకే వచ్చాడు. పిల్లలకు ఇక్కడి నుంచి మొదలుపెట్టండి. వేరే దేశం మనిషి, సంచిలో ముత్యాలు, దారిలో దొంగల భయం, చివరికి ఈ ద్వారం. మిగతా కథ వాళ్లే అల్లుకుంటారు. గుడీ మసీదూ ఇంత దగ్గరగా ఎందుకున్నాయని బాబు అడిగితే, ఒకరి తర్వాత ఒకరు ఇక్కడ బతికారు, ఎవరికి కావలసింది వాళ్లు కట్టుకున్నారు అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఎవరినీ తిట్టాల్సిన పని లేదు, పొగడాల్సిన పని కూడా లేదు.

లోయ దగ్గర చెప్పాల్సింది వేరే. పెన్నా కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి అనంతపురం మీదుగా ఇక్కడికొచ్చి, ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయి, నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అడ్డంగా పలకలు పేర్చినట్టున్న ఆ రాయి ఒకప్పుడు నీటి అడుగున పొరలుపొరలుగా పడ్డ ఇసుక, వంద కోట్ల ఏళ్లకు పైబడినది. డైనోసార్లకంటే చాలా ముందుదని బాబుకు చెప్పండి, ఆ వయసు పిల్లలకు ఆ లెక్క వెంటనే ఎక్కుతుంది. నది రాయిని ఎలా కోసింది అని అడిగితే నీళ్లు ఒక్కటే కాదు, అది మోసుకొచ్చే ఇసుక, గులకరాళ్లు రాపిడి పెట్టి కోశాయని చెప్పండి.

టిఫినయ్యాక టెంటు ఎత్తేసి పదింటికల్లా దిగిపోండి, ఆ తర్వాత బండ వేడెక్కుతుంది. చెత్త సంచి కారులో వేసుకుని జమ్మలమడుగులో పారేయండి. డయాపర్లు, తడి తుడుపు కాగితాలు బండల సందుల్లో కుక్కి పోయేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ సందుల్లో చేయి పెట్టి అవి తీసేది ఊరి మనుషులే. పిల్లలకు ఓపిక ఉంటే దారిలో మైలవరం డ్యామ్ దగ్గర ఒక అరగంట ఆగొచ్చు.

బయల్దేరే వారం గురువారం నుంచి వాన సమాచారం చూడండి. డిసెంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే కడప జిల్లాకు వాన వస్తుంది. తడిసిన ఎర్రబండ నూనె రాసినట్టు జారుతుంది. వాన ఉంటే వాయిదా వేసుకోండి. టెంటుకు కట్టిన అడ్వాన్సు పోతుందని రావొద్దు.

చివరగా మీ అత్తగారు. తీసుకురండి. కానీ ఆమెను టెంటులో పడుకోబెట్టకండి. మోకాళ్ల నొప్పులున్న మనిషి నేల మీద నుంచి రాత్రి రెండుసార్లు లేవాలంటే నరకం, మొహమాటానికి ఆమె చెప్పరు. కోట దగ్గరే పర్యాటక శాఖవాళ్ల హరిత హోటల్ ఉంది, ఒక గది ముందే బుక్ చేయండి. ఆమె, పాప గదిలో పడుకోవచ్చు, మీరూ బాబూ ఆయనా టెంటులో ఉండొచ్చు. అర్ధరాత్రి వాన పడినా, పాప ఏడ్చినా అందరూ వెళ్లడానికి ఒక గది ఉంటుంది. సాయంత్రం మడత కుర్చీ ఒకటి తీసుకెళ్లి గుడి ముందు వేయండి. పొద్దున లోయ దగ్గరికి ఆమెను బండల మీద నడిపించొద్దు. రంగనాథస్వామి గుడి దగ్గర, నడక చదునుగా ఉన్నంతవరకే తీసుకెళ్లి నీడలో కూర్చోబెట్టండి. మీరు లోయ నుంచి వచ్చేదాకా ఒకరు ఆమెతో ఉండాలి, అంటే పిల్లలను వంతులవారీగా తీసుకెళ్లాలి. ముందు ఆయన బాబును తీసుకెళ్లి వస్తే, తర్వాత మీరు పాపను తీసుకెళ్లండి. ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి అని పైన రాసింది అలా కూడా కుదురుతుంది. తేదీ ఖాయమయ్యాక రాయండి, ఆ శనివారం తిథి ఏమిటో, చంద్రుడు ఎప్పుడు వస్తాడో చూసి చెబుతాను.